గర్భస్రావం: ఏ వారంలో ఏ వైద్యం? కరుణతో పాటు తెలివిడి కూడా కావాలి



ధమ్మ పాఠాల్లో ఈ విషయం ఏమిటి అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఎందుకు రాస్తున్నానో ముందు చెబుతాను.

కొన్నేళ్ళ కిందట మా ఆదివారం పాఠానికి ఒక చెల్లెలు వచ్చేది. ఇద్దరు పిల్లల తల్లి. భర్త తాపీ పని మీద ఊళ్ళు తిరుగుతుండేవాడు. ఒక ఆదివారం ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. పెదాలు తెల్లబడిపోయాయి. పాఠం అయ్యాక లేవలేకపోయింది. పక్కకు తీసుకెళ్ళి అడిగితే అప్పుడు చెప్పింది. నెల తప్పింది, మూడో బిడ్డను పెంచే స్థోమత లేదు, ఎవరికీ చెప్పకుండా మందుల షాపు నుంచి మాత్రలు తెప్పించుకుని వేసుకుంది. తొమ్మిది రోజులుగా రక్తం పోతూనే ఉంది.

"ఆసుపత్రికి ఎందుకు పోలేదమ్మా?" అన్నాను.

"పాపం చేశాను గదా అక్కా, అనుభవించాలి గదా" అంది.

108కి ఫోన్ చేసి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. రెండు నెలలు అనుకుని ఆమె మాత్రలు మింగింది, కానీ అప్పటికే మూడున్నర నెలలు దాటింది. గర్భం పూర్తిగా బయటకు రాలేదు. డాక్టరమ్మ మిగిలింది తీసేసి, రెండు సీసాల రక్తం ఎక్కించింది. చెల్లెలు బతికింది.

ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో కూర్చుని నా మీద నాకే సిగ్గేసింది. నేను బి.ఎ. చదివినదాన్ని. పంచశీల మీద, అష్టాంగ మార్గం మీద గంటసేపు మాట్లాడగలను. కానీ ఆ మాత్రలు ఎన్ని వారాల లోపు వాడాలో, తర్వాత ఏ వైద్యం ఉందో, చట్టం ఏమంటుందో నాకు తెలియదు. ఆమె నాలుగు ఆదివారాలు నా ఎదుటే కూర్చుంది. అడగలేదు. అడిగినా చెప్పగలిగేదాన్ని కాదు.

అందుకే ఈ పాఠం. దీన్ని చదివి ఎవరూ సొంతంగా వైద్యం చేసుకోవద్దు. ఎప్పుడు, ఎక్కడికి, ఎంత త్వరగా పోవాలో తెలుసుకోవడానికే ఇది.

1. ముందు వారాల లెక్క

డాక్టర్లు గర్భాన్ని నెలల్లో కాదు, వారాల్లో లెక్కిస్తారు. ఆ లెక్క కలిసిన రోజు నుంచి కాదు, ముట్టు తప్పిన రోజు నుంచి కూడా కాదు. ఆఖరిసారి ముట్టు వచ్చిన మొదటి రోజు నుంచి.

ఉదాహరణ చూడండి. ఒకామెకు ఆఖరి ముట్టు జూన్ 1న మొదలైంది. ఆమెకు 9 వారాలు ఆగస్టు 3కి నిండుతాయి. 12 వారాలు ఆగస్టు 24కి, 20 వారాలు అక్టోబరు 19కి, 24 వారాలు నవంబరు 16కి నిండుతాయి.

ఇందులో ఒక మెలిక ఉంది. ముట్టు రావలసిన రోజున రాలేదు అని తెలిసేసరికే 4 వారాలు అయిపోతాయి. "ఇంకొన్నాళ్ళు చూద్దాం" అని ఒక నెల ఊరుకుంటే 8 వారాలు దాటుతాయి. మన ఇళ్ళలో "మూడో నెల నడుస్తోంది" అనే మాటకు 9 వారాలూ కావచ్చు, 13 వారాలూ కావచ్చు. వైద్యంలో ఆ రెంటికీ చాలా తేడా ఉంది. ముట్టు వచ్చిన తేదీని క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకునే అలవాటు ప్రతి ఇంట్లో ఉండాలి. ముట్టు వారం ఆలస్యమైతే మూత్ర పరీక్ష చేసుకోవాలి. ఆ కిట్ ఆశా కార్యకర్త దగ్గర కూడా అడగవచ్చు. తేదీ గుర్తు లేకపోతే స్కానింగ్‌లో వారాలు తెలుస్తాయి.

2. తొమ్మిది వారాల లోపు: మాత్రలు

మన దేశంలో మాత్రలతో గర్భస్రావానికి అనుమతి 9 వారాల వరకు, అంటే 63 రోజుల వరకు. ఇందులో రెండు రకాల మందులు ఉంటాయి. మొదటిది మిఫెప్రిస్టోన్. గర్భం నిలబడటానికి కావలసిన ప్రొజెస్టెరోన్ అనే హార్మోన్ పనిని అది ఆపేస్తుంది. ఒకటి రెండు రోజుల తర్వాత ఇచ్చేది మిసోప్రోస్టాల్. అది గర్భసంచి ముడుచుకునేలా చేసి గర్భాన్ని బయటకు పంపుతుంది. రెండో మందు తర్వాత కొన్ని గంటల్లో కడుపునొప్పి, మామూలు ముట్టు కంటే ఎక్కువ రక్తస్రావం వస్తాయి. తర్వాత తగ్గుతూ రెండు వారాల వరకు కొద్దికొద్దిగా కనిపించవచ్చు. సరైన వారాల్లో, సరైన పద్ధతిలో వాడితే నూటికి 95 మందికి పైగా ఇంకే చికిత్సా అవసరం లేకుండా పూర్తవుతుంది.

మరి డాక్టరు దగ్గరకు ఎందుకు పోవాలి? నాలుగు కారణాలు.

ఒకటి, వారాలు సరిచూడటానికి. మా చెల్లెలు చేసిన పొరపాటు అదే.

రెండు, గర్భం సంచిలోనే ఉందా లేదా చూడటానికి. కొందరికి అది గొట్టంలో నిలుస్తుంది. ఈ మాత్రలు ఆ గర్భాన్ని తీయలేవు. రక్తం కనిపించింది కదా, అయిపోయింది అనుకుంటారు. లోపల గొట్టం పగిలి ప్రాణం మీదికి వస్తుంది.

మూడు, ఒంట్లో రక్తం ఎంత ఉందో చూడటానికి. మన వాడల్లో రక్తహీనత లేని ఆడమనిషి దొరకడమే కష్టం. రక్తం బాగా తక్కువ ఉన్నవాళ్ళు, రక్తం గడ్డకట్టని జబ్బు ఉన్నవాళ్ళు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు, చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడేవాళ్ళు, లూప్ వేయించుకుని ఉన్నవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పి తీరాలి.

నాలుగు, పూర్తయిందో లేదో నిర్ధారించడానికి. ప్రభుత్వ పద్ధతిలో మొదటి రోజు, మూడో రోజు, పదిహేనో రోజు చూస్తారు. ఆ మూడో పరీక్షను "బాగానే ఉన్నాను కదా" అని చాలామంది మానేస్తారు. మానకండి.

ఇంకో మాట. కలిసిన తర్వాత 72 గంటల లోపు వేసుకునే మాత్ర వేరు. అది గర్భం రాకుండా ఆపేది. వచ్చిన గర్భాన్ని అది తీయదు. రెంటినీ ఒకటే అనుకుని రోజులు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

2015లో మన దేశంలో సుమారు 1 కోటి 56 లక్షల గర్భస్రావాలు జరిగాయని పరిశోధకులు అంచనా వేశారు. అందులో నూటికి 73 ఆసుపత్రి బయట, మాత్రలతో జరిగినవే. మా చెల్లెలు ఒక్కతే కాదు, కోటి మందికి పైగా ఆ దారిలోనే నడిచారు. చాలామందికి ఏమీ కాలేదు. అయినవాళ్ళకు పక్కన ఎవరూ లేరు.

3. పన్నెండు వారాల లోపు: గాలితో లాగే పద్ధతి

9 వారాలు దాటినా, లేక మాత్రలు పడకపోయినా, ఇంకో పద్ధతి ఉంది. దాన్ని వాక్యూమ్ ఆస్పిరేషన్ అంటారు. గర్భాశయ ముఖద్వారం దగ్గర మత్తు ఇంజక్షన్ ఇచ్చి, సన్నని గొట్టాన్ని లోపలికి పంపి, పెద్ద సిరంజితో గానీ చిన్న యంత్రంతో గానీ లాగుతారు. పది నిమిషాల లోపు పని. కొన్ని గంటలు చూసి అదే రోజు ఇంటికి పంపుతారు.

మన ఊళ్ళలో దేన్నయినా "డి అండ్ సి" అనో, "క్లీనింగ్" అనో అంటారు. నిజానికి డి అండ్ సి అంటే లోహపు పరికరంతో గోకి తీసే పాత పద్ధతి. నొప్పి ఎక్కువ, గర్భసంచికి గాయమయ్యే అవకాశం ఎక్కువ. దాన్ని మానేసి వాక్యూమ్ పద్ధతి వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. "అమ్మా, ఏ పద్ధతిలో చేస్తారు?" అని డాక్టరును అడిగే హక్కు మనకుంది. అడగండి.

4. పన్నెండు దాటి ఇరవై నాలుగు లోపు

ఇక్కడి నుంచి పని పెద్దది. ఇది ఆపరేషన్ థియేటర్, మత్తు, రక్తం వంటి వసతులున్న ఆసుపత్రిలో, స్త్రీల వైద్యంలో శిక్షణ, అనుభవం ఉన్న డాక్టరు మాత్రమే చేయాలి.

రెండు దారులు ఉన్నాయి. ఒకటి, ఆసుపత్రిలో పడుకోబెట్టి ముందు మిఫెప్రిస్టోన్, తర్వాత గంటల తేడాతో మిసోప్రోస్టాల్ ఇస్తూ నొప్పులు తెప్పించడం. ఇది చిన్న కాన్పు లాంటిదే. ఒక రోజు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పట్టవచ్చు. నొప్పికి మందు అడగవచ్చు, ఇవ్వాలి కూడా. రెండోది, ముఖద్వారాన్ని మందులతో మెత్తబరిచి, మత్తు ఇచ్చి, పరికరాలతో తీయడం. దీన్ని డి అండ్ ఇ అంటారు. ఏది మేలో వారాలను బట్టి, పాత సిజేరియన్ కోతలను బట్టి, డాక్టరు అనుభవాన్ని బట్టి ఉంటుంది.

వారాలు పెరిగేకొద్దీ రక్తస్రావం, ఇన్ఫెక్షన్ ప్రమాదం పెరుగుతాయి. మనసు మీద బరువు కూడా పెరుగుతుంది. నాలుగైదు నెలల తర్వాత గర్భం పోయిన తల్లికి రొమ్ముల్లో పాలు రావచ్చు. ఈ సంగతి ముందుగా ఎవరూ చెప్పరు. ఆ రోజు ఆమె పక్కన ఒక మనిషి ఉండాలి.

5. ఇరవై నాలుగు వారాలు దాటితే

చట్టం రెండే సందర్భాలు ఒప్పుకుంటుంది. బిడ్డకు తీవ్రమైన లోపాలు ఉన్నాయని ప్రభుత్వం వేసిన మెడికల్ బోర్డు తేల్చితే ఒకటి. తల్లి ప్రాణం కాపాడటానికి వెంటనే చేయక తప్పకపోతే రెండోది. అర్జీ అందిన 3 రోజుల్లో బోర్డు తన అభిప్రాయం చెప్పాలి. ఒప్పుకుంటే 5 రోజుల్లో పని జరిగేలా చూడాలి. ఐదో నెలలో చేసే టిఫా స్కాన్‌ను వాయిదా వేయవద్దని డాక్టర్లు చెప్పేది ఇందుకే. లోపం ఏడో నెలలో తెలిస్తే దారులు ఇరుకవుతాయి.

6. చట్టం మన పక్షాన ఎంతవరకు?

గర్భస్రావం మన దేశంలో నేరం అని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. 1971లో ఎం.టి.పి. చట్టం వచ్చింది. 2021లో దాన్ని సవరించారు. 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. తల్లి ప్రాణానికి, శరీర ఆరోగ్యానికి లేదా మానసిక ఆరోగ్యానికి హాని, అత్యాచారం, గర్భనిరోధక సాధనం విఫలం కావడం, బిడ్డకు తీవ్ర లోపం, ఇవి కారణాలు. 20 నుంచి 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి. అది అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్త చనిపోయినవాళ్ళు, విడాకులైనవాళ్ళు, వికలాంగులు మొదలైన కొందరికే. పెళ్ళికాని స్త్రీలను ఇందులోంచి తోసేయకూడదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

సంతకం ఎవరిది? 18 ఏళ్ళు నిండిన స్త్రీ అయితే ఆమెది ఒక్కటే. భర్త సంతకం, అత్తమామల అనుమతి చట్టం అడగదు. "మీ ఆయన్ని తీసుకురా" అని ఆసుపత్రిలో ఎవరన్నా అంటే అది వాళ్ళ అలవాటు, చట్టం కాదు. 18 ఏళ్ళ లోపు అమ్మాయికీ, మానసిక అనారోగ్యం ఉన్న స్త్రీకీ సంరక్షకుల రాతపూర్వక అంగీకారం కావాలి. మైనరు విషయంలో పోలీసులకు తెలియజేయాలని పోక్సో చట్టం చెబుతుంది. అయితే ఆ అమ్మాయి గానీ సంరక్షకులు గానీ కోరితే పేరు బయటపెట్టనక్కర్లేదని అదే 2022 తీర్పు చెప్పింది. స్త్రీ వివరాలు చట్టం అనుమతించినవారికి తప్ప ఇంకెవరికి చెప్పినా ఏడాది వరకు జైలు.

ఇక్కడ మన తెలుగు జిల్లాల్లో ఒక పేరు తికమక పెడుతుంది. చట్టంలో రాసిన ఆర్.ఎం.పి. అంటే రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్. గుర్తింపు పొందిన వైద్య డిగ్రీ, స్త్రీల వైద్యంలో శిక్షణ ఉన్న మనిషి. మన ఊళ్ళో సైకిల్ మోటారు మీద సంచీ వేసుకొచ్చే ఆర్.ఎం.పి. ఆయన కాదు. జ్వరానికి పనికొచ్చే మనిషే కావచ్చు, కానీ ఈ పని ఆయన చేయకూడదు. అర్హత లేనివాళ్ళు చేస్తే 2 నుంచి 7 ఏళ్ళ కఠిన జైలు శిక్ష ఉంది. పుల్లలు పెట్టడం, నాటు మందులు మింగించడం సంగతి చెప్పనే అక్కర్లేదు. గర్భసంచి చిల్లులు పడి, చీము పట్టి పోయిన ప్రాణాలు మన అమ్మమ్మల తరంలో ఎన్నో.

ఇంకో గీత కూడా గుర్తుంచుకోండి. ఆడపిల్ల అని తెలుసుకుని కడుపు తీయించడం వేరు. 1994 చట్టం ప్రకారం లింగ నిర్ధారణే నేరం. అది స్త్రీ హక్కు కాదు, స్త్రీ మీద ద్వేషం.

7. ఆపద గుర్తులు

ఏ పద్ధతిలో జరిగినా ఇవి కనిపిస్తే రాత్రా పగలా చూడకుండా 108కి ఫోన్ చేయండి.

గంటకు రెండు ప్యాడ్లు పూర్తిగా తడిసిపోవడం, అలా వరుసగా రెండు గంటలు జరగడం. మందు వేసుకున్న మర్నాడు కూడా జ్వరం, చలి తగ్గకపోవడం. చెడు వాసనతో ద్రవం పోవడం. మందుకు తగ్గని కడుపునొప్పి, భుజంలో నొప్పి. కళ్ళు తిరగడం, స్పృహ తప్పడం. మాత్రలు వేసుకున్నా అసలు రక్తమే రాకపోవడం.

ఆసుపత్రిలో ఏం వేసుకున్నారో, ఎప్పుడు వేసుకున్నారో దాచకుండా చెప్పండి. రక్తం గ్రూపు నెగటివ్ అయితే ఆ సంగతి కూడా చెప్పాలి. తర్వాతి కాన్పుల మేలు కోసం ఒక ఇంజక్షన్ అవసరమా అని డాక్టరు చూస్తారు.

గర్భస్రావం అయిన రెండు వారాల లోపే మళ్ళీ గర్భం నిలిచే వీలుంది. అందుకే అదే రోజున గర్భనిరోధం గురించి అడగాలి. కాపర్ టి, అంతర ఇంజక్షన్, వారానికొక ఛాయ మాత్ర, నిరోధ్ ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. మగవాళ్ళ ఆపరేషన్ ఆడవాళ్ళ ఆపరేషన్ కంటే తేలిక. ఈ ముక్క మగ పాఠకులకు. 1938లోనే బాబాసాహెబ్ పార్టీ తరఫున బొంబాయి శాసనసభలో సంతాన నియంత్రణ కోసం తీర్మానం పెట్టారు. అది నెగ్గలేదు. కానీ ఇది ఆడవాళ్ళ గుసగుస కాదు, శాసనసభలో తేలాల్సిన సంగతి అని వాళ్ళు అప్పుడే చూపించారు.

8. "పాపం చేశాను గదా అక్కా"

ఆ ప్రశ్నకు ఇప్పుడు వద్దాం. తప్పించుకోకూడదు.

బుద్ధుని ధమ్మంలో ఇది తేలిక విషయం అని నేను చెప్పను. మొదటి శీలం ప్రాణహింసకు దూరంగా ఉండటం. గర్భం పోవడానికి భిక్షువు మందు ఇస్తే అతను సంఘంలో ఉండటానికి తగడని వినయ పిటకం చెబుతుంది. అది భిక్షువులకు పెట్టిన నియమమే అయినా, దాన్ని దాచి పాఠం చెప్పడం నిజాయితీ కాదు.

కానీ బాబాసాహెబ్ "బుద్ధుడు, ఆయన ధమ్మం" గ్రంథంలో అహింస గురించి రాస్తూ ఒక తేడా చూపించారు. బుద్ధుడు అహింసను నియమంగా కాదు, సూత్రంగా చెప్పాడంటారు. నియమం మనిషి చేయి పట్టుకుని లాగుతుంది. సూత్రం ఆలోచించే బాధ్యతను మనిషికే అప్పగిస్తుంది. చంపాలనే కోరిక వేరు, తప్పని అవసరం వేరు. కర్మకు మూలం చేతన, అంటే ఉద్దేశం. ఇద్దరు పిల్లలకు అన్నం పెట్టడానికే నానా తంటాలు పడే తల్లి మనసులో ఉన్నది ద్వేషమా? ఆమె కళ్ళలోకి చూసిన ఎవరికైనా జవాబు తెలుస్తుంది. గర్భం ఉంచుకోవాలో వద్దో నేను మీకు చెప్పను. అది ఆమె ఆలోచించుకోవలసింది. ఉంచుకుంటానంటే ఆమెకు తోడుండాలి. ఉంచుకోలేనంటే అప్పుడూ తోడుండాలి.

"అనుభవించాలి" అనే మాట మాత్రం ధమ్మం కాదు. విరేచనాలతో సొంత మలంలో పడి ఉన్న భిక్షువును బుద్ధుడు ఆనందుడితో కలిసి స్వయంగా కడిగాడు. రోగికి సేవ చేస్తే తనకు చేసినట్టే అన్నాడు. ఆ భిక్షువు కర్మ లెక్క తీయలేదు. కాన్పు కష్టమై అల్లాడుతున్న స్త్రీని చూసి వచ్చిన అంగుళిమాలుడిని, అన్ని ప్రాణాలు తీసిన ఆ మనిషినే, ఆమెకు సాంత్వన చెప్పమని తిరిగి పంపాడు. నొప్పిలో ఉన్న స్త్రీ దగ్గరకు వెళ్ళమన్నాడు గానీ దూరం జరగమనలేదు.

ఏ పనినైనా చేసే ముందు, చేస్తున్నప్పుడు, చేశాక, ఇది నాకు గానీ ఎదుటివారికి గానీ హాని చేస్తోందా అని చూసుకోమని బుద్ధుడు రాహులుడికి నేర్పాడు. ఈ పరీక్ష గర్భంతో ఉన్న స్త్రీకే కాదు, ఆమె చుట్టూ ఉన్న మనకూ వర్తిస్తుంది. మన మాట ఆమెను 7వ వారంలో డాక్టరు దగ్గరకు పంపుతుందా, 15వ వారంలో చీకట్లో మాత్రలు మింగిస్తుందా? సిగ్గు పెట్టి ఆమె నోరు మూయించినవాళ్ళకు ఆ రక్తంలో భాగం లేదా?

ఆ చెల్లెలు ఇప్పటికీ ఆదివారం పాఠానికి వస్తుంది. వాడలో ఎవరికైనా ముట్టు తప్పిందని తెలిస్తే ముందు ఆమె అడిగే మాట ఒకటే: "ఆఖరి తేదీ ఎప్పుడమ్మా?"

ఈ పాఠంలో గుర్తుంచుకోవలసినవి

• లెక్క ఆఖరి ముట్టు మొదటి రోజు నుంచి.
• 9 వారాల లోపు డాక్టరు సలహాతో మాత్రలు. 12 లోపు వాక్యూమ్. ఆపైన 24 దాకా వసతులున్న ఆసుపత్రిలోనే.
• 18 నిండితే ఆమె సంతకం చాలు.
• ఊరి ఆర్.ఎం.పి. వేరు, చట్టం చెప్పిన ఆర్.ఎం.పి. వేరు.
• ఎక్కువ రక్తం, జ్వరం, స్పృహ తప్పడం: వెంటనే 108.

చర్చించండి

1. మీ ఇంట్లో ఆడపిల్ల ముట్టు తప్పితే ముందు ఎవరికి చెబుతుంది? మీకు చెప్పగలుగుతుందా?
2. మీకు దగ్గర్లో ఈ వైద్యం చేసే ప్రభుత్వ ఆసుపత్రి ఏది? వచ్చే ఆదివారానికి ఏఎన్ఎంను గానీ ఆశా కార్యకర్తను గానీ అడిగి తెలుసుకుని రండి.
3. సూత్రానికీ నియమానికీ ఉన్న తేడాను మీ జీవితంలోని ఒక సంఘటనతో చెప్పండి.

నమో బుద్ధాయ. జై భీమ్.